సంఘమంతా నా మోకాలి కోసం ప్రార్థించిన ఏడాది

ప్రభువునందు ప్రియ సహోదరులారా, పంతొమ్మిది వందల ఎనభైల మొదట్లో నాకు ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ అని తేలితే, హైదరాబాదులో ఆపరేషన్ చేసి, ప్రాణం నిలబెట్టి వరంగల్‌కు పంపించారు, దేవునికే మహిమ! పంపేముందు డాక్టరుగారు నన్నొక్కణ్ణే పిలిచి, ఇక భార్యతో కాపురం మునుపటిలా సాగదని, బస్సు వేళ చెప్పినంత మామూలుగా చెప్పారు. అప్పటికి నాకు యాభై రెండేళ్లు, కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి.

ఆ సంగతి నా భార్య శాంతమ్మకు చెప్పలేక, మంచం ముందుగదిలోకి మార్చుకుని, మోకాలి నొప్పి అన్నాను. ఆమె నమ్మి, ఆదివారం ప్రార్థన మనవుల చీటీలో నా మోకాలిని రాయించింది. ఇంకేముంది! పెద్దలు వచ్చి చేతులుంచారు, స్త్రీల సమాజం ఉపవాసముంది, పాస్టరుగారు ప్రార్థించి ఇచ్చిన నూనెతో శాంతమ్మ రోజూ మర్దన చేసేది. "సారూ, మోకాలు జర నయమేనా?" అని చర్చి వాకిట్లో అడిగేవారు. నయమే అనేవాణ్ణి. ఆ ఒక్కటీ నిజమే.

లోపల మాత్రం చచ్చిపోయాను సహోదరులారా! ఆపరేషన్ తర్వాత మూత్రం ఆగక తడిసిన గుడ్డలు దాచుకోవడం, ఆమె చేయి తగిలితే పక్కకు జరిగిపోవడం, "ప్రభువా, ఆ గడ్డతోపాటు నన్నూ తీసెయ్యవలసింది కదా" అని గొణుక్కోవడం, ఇదే నా ఏడాది.

ఒక ఆదివారం ఆరాధన నుంచి వచ్చేసరికి శాంతమ్మ పెట్టె సర్దుకుంటోంది. కొత్తవాడలో జంపఖానాలు నేసే అన్న ఇంటికి పోతానంది.

"ఏడాదిసంది నూనె రాస్తాన్న, ఒక్కనాడన్న అబ్బా అన్నరా? నా మీద మనసు ఇరిగింది, గంతే గద! నేనేం తప్పు చేసిన, చెప్పుండ్రి!"

ఆమె మొహం చూసి చెప్పలేక అక్కడే మోకరించాను. మంచి మోకాళ్లే, ఇబ్బంది పడలేదు. "ప్రభువా, ఈమె వింటుండగా చెబుతున్నాను, ఈమె తప్పేమీ లేదు, ఆపరేషన్‌తో నా మగతనం పోయింది, సిగ్గుపడి అబద్ధమాడాను" అని ఏడ్చాను.

ఆమె పెట్టెలోంచి చీరలు తిరిగి బయటికి తీస్తూ అంది: "గిది చెప్పనీకె ఏడాదా? మంచం లోపటికి తీస్కరాండ్రి. మోకాలు మంచిగనే ఉన్నది గద, మీరే మొయ్యుండ్రి."

మోశాను. పోయింది తిరిగి రాలేదు సహోదరులారా. ఇప్పటికీ కొన్ని రోజులు చీకటిగానే తెల్లవారతాయి. కానీ ఆమె చేయి తగిలితే ఇప్పుడు జరగను. నా కోసం పస్తులున్న అక్కలారా, క్షమించండి, వందనాలు. మీలో ఎవరికైనా ఇలాంటి మోకాలు ఉంటే, అసలు నొప్పి ప్రభువుకు చెప్పండి. ఆయన నా మోకాలిని ఒక్కరోజూ నమ్మలేదు, నన్ను మాత్రం వదల్లేదు.