గాలి మర ఎవరు బిగించారు?

"గాలి మర బిగించినావా?" అని టోటో రిక్షాలో కూర్చున్నాక మా ఆయన అడిగాడు.

"బిగించీసినాను మావా. నువ్వు బేగెల్లు," అన్నాను.

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. పడవనీ ట్యాంకునీ చూసుకోవాలని నేను ఒడ్డునే ఉండిపోయాను. టోటో అప్పటికే కదిలింది. నా జవాబు ఆయన చెవిన పడిందో లేదో తెలియదు. గుండెలో మంట అంటూ ఏటి ఒడ్డున కూలబడ్డ మనిషి ఆసుపత్రికి చేరేలోపే పోయాడు.

దయ్యాలంటే నవ్వే మనిషిని నేను. పూరీ గేట్ దగ్గర మా వీధిలో ఎవరికి గాలి సోకిందన్నా, నిన్న ఏం తిన్నావో ముందు చెప్పు అంటాను. ఇప్పుడు కూడా ఎవరినో భయపెట్టడానికి ఇది రాయించడం లేదు. నాకు చదువు సంతకం వరకే. నేను చెబుతుంటే మా మరిది కూతురు సుజాత రాస్తోంది. ఇందులో వాళ్ళ నాన్న సంగతి కూడా వస్తుంది. వచ్చినా రాయమన్నాను.

మా ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. రిటైరయ్యాక కాసాయ్ నదిలో ఒక పడవ పెట్టాడు. దాని వెనక తగిలించే పెట్రోలు ఇంజిన్ ఉంది. పిక్నిక్‌కి వచ్చినవాళ్ళను ఎగువన ఇసుక దిబ్బ దాకా తీసుకెళ్ళి తీసుకురావడం ఆయన పని. ఒడ్డున టీ కాయడం నా పని. పడవ తిరిగితేనే ఒడ్డుకి జనం వస్తారు. అది ఆగిందంటే నా పొయ్యి కూడా ఆగినట్టే.

పెట్రోలు ట్యాంకు ఇంజిన్‌తో కలిసి ఉండదు. పడవలో కాళ్ళ దగ్గర పెడతారు. దాని మూత మీద చిన్న మర ఉంటుంది, అదే గాలి మర. నీళ్ళ మీద ఉన్నంతసేపూ దాన్ని వదులుగా ఉంచి, లోపలికి గాలి పోనివ్వాలి. లేకపోతే పెట్రోలు రాదు, ఇంజిన్ ఆగిపోతుంది. ట్యాంకును ఘాట్‌లో వదిలేస్తే మర్నాటికి ఉండదు కాబట్టి రోజూ టోటోలో ఇంటికి తెచ్చుకుంటాం. అప్పుడు మర బిగించకపోతే దారంతా పెట్రోలు చిమ్ముతుంది. ఆ బిగించే పని ఎప్పుడూ ఆయనదే. ఆ ఒక్కరోజే నన్ను అడిగాడు.

ఆయన పోయాక మా మరిది సింహాచలం ప్రేమ్ బజార్‌లో కొట్టు మూసేసి వచ్చి పడవ నడిపాడు. అప్పట్నుంచి ఇంజిన్ మొరాయించడం మొదలైంది. అదీ రోజూ కాదు. ఒకరోజు బాగానే ఉంటుంది, ఇంకోరోజు ఏటి నడుమ ఆగిపోతుంది. ప్లగ్గు మార్చాం. కార్బరేటర్ కడిగించాం. పెట్రోల్లో నీళ్ళు కలిశాయేమోనని గాజు సీసాలో పోసి చూశాం. ట్యాంకు నుంచి ఇంజిన్‌కి పోయే పైపు కూడా కొత్తది వేశాం. అయినా అదే వరస.

సింహాచలం అప్పుడు కొత్త మాట ఎత్తాడు. "వదినా, ఈ ఇంజిను పనైపోనాది. పడవతో కలిపి అమ్మీద్దాం. నాకు తెలిసిన దాదా ఒకాయన తీసుకుంతానన్నాడు."

"మీ అన్న సేతిలో ఆగని ఇంజిను నీ సేతిలోనే ఎందుకాగిపోతన్నాదయ్యా?"

"ఏటో మరి. దానికి నా మొకం నచ్చనేదు."

నాకు నవ్వు రాలేదు. ముందు ఇంజిన్ చెడి తర్వాత కొనేవాడు దొరికాడా, కొనేవాడు దొరికాకే ఇంజిన్ చెడిందా?

ఇంకోసారి ఆగినప్పుడు పడవను తాడు కట్టి ఒడ్డుకి లాక్కొచ్చారు. ఇంజిన్లు బాగుచేసే మిస్త్రీ వచ్చి పైపు నడుమ ఉండే రబ్బరు ఉండను పట్టుకుని చూశాడు. ఉబ్బెత్తుగా ఉండాల్సింది అణిగిపోయి లోపలికి పీక్కుపోయింది. మూత మీది మర తిప్పితే ఉస్సుమని గాలి లోపలికి పోయింది. స్టార్టు తాడు లాగగానే ఇంజిన్ అందుకుంది.

"ఇంజిన్ ఠీక్ హై, దీదీ. మర బిగించేశారు, అంతే," అన్నాడు. ట్యాంకు నిండా పోసిన రోజు తొందరగా ఆగుతుందట. సగమే పోస్తే, పైన మిగిలిన గాలితో ఒడ్డు దాకా వచ్చేస్తుందట.

నేను సింహాచలం మొహంలోకి చూశాను. "మర ఒగ్గీసే ఎల్లినానొదినా, ఒట్టు," అన్నాడు. నేను నమ్మలేదు.

మర్నాడు నేనే పడవ ఎక్కాను. మర నా చేత్తోనే వదులు చేసి, నిండు ట్యాంకును నా కాళ్ళ మధ్య పెట్టుకున్నాను. సింహాచలం వెనక ఇంజిన్ పిడి పట్టుకున్నాడు.

"ఏటొదినా, నా సేతులకేసి అలా సూస్తన్నావు? తాడెట్టి కట్టీ మరి."

"కట్టీద్దును. తాడు మరిసిపోనాను."

ఇసుక దిబ్బ దాకా ఏ పేచీ లేదు. ఇంటివైపు తిప్పి కాస్త దూరం వచ్చామో లేదో, ఇంజిన్ గొంతు పట్టినట్టు కొట్టుకుని ఆగిపోయింది. రబ్బరు ఉండ అణిగిపోయింది. మర బిగిసి ఉంది. అదీ మామూలు బిగువు కాదు. నా వేళ్ళకి లొంగలేదు. కొంగు చుట్టి తిప్పితే వచ్చింది. ఆ బిగువు నాకు తెలుసు. మా ఆయన బిగించిన మర తియ్యాలంటే నాకు ఎప్పుడూ కొంగు కావలసి వచ్చేది.

సింహాచలం చెయ్యి ఇటు రాలేదు. అది ఎక్కడైనా చెబుతాను. దారంతా నా కళ్ళు అతని చేతుల మీదే ఉన్నాయి. మర మీద లేవు. అందుకే అది ఎప్పుడు తిరిగిందో చూడలేదు.

ఒడ్డున కూర్చున్నాక గుర్తొచ్చింది. నేను పడవ ఎక్కిన రోజుల్లో చూశాను, మా ఆయన మర బిగించేది ఒడ్డున కాదు. దిబ్బ దగ్గర పడవ ఇంటివైపు తిప్పగానే బిగించేవాడు. ట్యాంకులో సగమే పోసేవాడు కాబట్టి ఇబ్బంది లేకుండా వచ్చేసేవాడు. సింహాచలం అన్నతో ఏనాడూ పడవ ఎక్కలేదు. ఈ అలవాటు అతనికి ఎవరు చెబుతారు?

తర్వాతి రోజు కావాలనే ట్యాంకు నిండా పోయించి మళ్ళీ ఎక్కాను. పడవ తిప్పుతుంటే నీళ్ళకేసి గట్టిగా అరిచాను. "బిగించీసినాను మావా!"

"ఎవులికి సెప్తన్నావొదినా?" అన్నాడు సింహాచలం. ఈసారి అతని గొంతులో వేళాకోళం లేదు.

ఇంజిన్ ఆగలేదు. మర నేను వదిలినంత వదులుగానే ఉంది.

నేను వెళ్ళి ఆ మాట అన్న ఏ రోజూ ఇంజిన్ మళ్ళీ ఆగలేదు. ఒకసారి నాకు జ్వరం వచ్చి సింహాచలం ఒక్కడే వెళితే ఆగింది. ఆ మాట నువ్వైనా చెప్పాల్సిందన్నాను. చెప్పానన్నాడు. చెప్పాడో లేదో.

ఇంజిన్ అదురుకి మర తిరిగిందేమోనని మిస్త్రీని అడిగాను. అదురుకి వదులవుతుంది గానీ అంత బిగుసుకోదన్నాడు. ఇదేమిటంటే నేను చెప్పలేను. మరిది మీద అనుమానం పూర్తిగా పోయిందా అంటే అదీ చెప్పలేను. పడవ మాత్రం అమ్మను.

రాసినావా సుజాతా? మీ నాన్న సంగతి ఏటీ తీసీనేదు కదా? ఏదీ, మొదట్నించి సదువు. నాను మీ పెదనాన్నకి సెప్పిన మాట వచ్చినకాడ గట్టిగా సదువు.