మా తివాచీల యజమాని

డిగ్రీ అయ్యాక నా మొదటి ఉద్యోగం ఏలూరులో, చేత్తో తివాచీలు నేసే షెడ్డులో. భీమడోలు నుంచి రోజూ ప్యాసింజరు బండిలో వచ్చి, ఎగుమతి కాగితాలు టైపు చేసేదాన్ని. యజమాని అరవై దాటిన ముస్లిం పెద్దాయన. తాతల నాటి నుంచీ వాళ్ళది అదే పని. ఆడవాళ్ళు మగ్గాల ముందు కూర్చుని ఉన్నితో ముడులు వేస్తుంటే, ఆయన చేతులు వెనక్కి కట్టుకుని తిరిగేవారు. ఎవరి టీ చల్లారినా మళ్ళీ తెప్పించేవారు.

నేను చేరిన రెండో ఏడు, జర్మనీలో మా సరుకు కొనే పాత వర్తకుడు యంత్రం మీద నేసిన తివాచీ ముక్క ఒకటి పంపాడు. ఆ ధరకు మీరూ ఇవ్వగలరా అని అడిగాడు. ఆ ధర మాకు ఉన్ని ఖర్చుకే చాలదు.

పెద్దాయన ఆ ముక్కను షెడ్డు మధ్యలో పరిచి అందర్నీ పిలిచారు. ఒకావిడ దానిమీద అడుగేసి చూసి, "మెత్తగానే ఉందండీ," అంది. అందరం ఆయన మొహం చూశాం.

ఆయన నవ్వేశారు. "ఉందమ్మా. బాగోలేదని మనం అబద్ధమాడితే మాత్రం అతను మనది కొంటాడా?"

ఉన్ని తగ్గించి, ముడులు పలచన చేసి ఒకటి నేయించి చూశారు. మగ్గం మీంచి దింపగానే దాని అంచులు ముడుచుకుపోయాయి. అలాంటివి పంపడం ఇష్టంలేక ఆర్డరు వదులుకున్నారు. తర్వాత మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

కొల్లేరు అంచున రొయ్యలు ఒలిచే షెడ్డులో పని ఉందని మా ఆడవాళ్ళు విన్నారు. "ముందు నన్ను చూసి రానివ్వండమ్మా," అని పెద్దాయన నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. అక్కడ ఐసులో చేతులు పెట్టి ఒలుస్తున్నారు.

"ఏవండీ, వీళ్ళకి గ్లౌజులు ఇవ్వరా?" అని అక్కడి మేనేజరుని అడిగారు.

"పని నెమ్మదిస్తుందండీ. బయటి దేశాలవాళ్ళు మాకంటే తక్కువకి అమ్మేస్తున్నారు. మాకూ గిట్టాలి కదండీ."

పెద్దాయన అతని భుజం మీద చెయ్యి వేశారు. "నా బాధే మీకూ వచ్చిందన్నమాట. అయినా ఇవ్వండి బాబూ. చేతులు పాడైతే మావాళ్ళు మళ్ళీ ముడులు వెయ్యలేరు."

"మళ్ళీ తీసుకెళ్ళిపోతారా ఏంటండీ?"

"ఆర్డరొస్తే తీసుకెళ్ళనూ?"

మేనేజరు నవ్వాపుకోలేకపోయాడు. మావాళ్ళు చేరేసరికి అక్కడ అందరికీ గ్లౌజులు వచ్చాయి.

నాకు పెళ్ళయి తాడేపల్లిగూడెం వెళ్ళాక, మా చర్చిలో బలిపీఠం ముందుకి తివాచీ కావాలన్నారు. నేను పెద్దాయనకి ఫోన్ చేశాను. ఆయన నిజంగానే నలుగురి చేత రొయ్యల పనికి సెలవు పెట్టించి పిలుచుకున్నారు. తివాచీ తయారయ్యాక తనే తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని పరిచారు. అరచేత్తో నిమిరి సరిచేశారు.

"మీ చర్చిలో చెప్పులు విప్పుతారా అమ్మా?"

"విప్పుతామండీ."

"అయితే చాన్నాళ్ళు ఉంటుందిలే," అన్నారు, ఎంతో సంతోషంగా.