మా అమ్మాయి హాజరు, నా పన్ను

మా అమ్మాయి పళ్ళ డాక్టరు చదువుకు పోయిన మొదటి ఏడాది నా ఫోనుకు అప్పుడప్పుడు ఒక మెసేజ్ వచ్చేది. 'మీ అమ్మాయి ఈ రోజు తరగతులకు హాజరు కాలేదు. కారణం తెలియజేయగలరు' అని. తల్లిదండ్రులను భయపెట్టడానికే కాలేజీ వాళ్ళు ఆ ఏర్పాటు చేశారని నాకు తెలుసు. వేరే తల్లులు అది చూసి గుండెలు పట్టుకునేవారట. నాకు మాత్రం చదవగానే ప్రాణం లేచి వచ్చేది. హాజరు కాలేదంటే ఇంకేముంది, బస్సెక్కిందన్న మాట. ఇంటికొస్తోందన్న మాట.

కాలేజీలో చేర్చేటప్పుడు ఫోను నంబరు అడిగితే మా ఇంటాయన నాది ఇచ్చారు. ఆదోనిలో మాది పత్తి వ్యాపారం. పొద్దున మార్కెట్ యార్డుకు పోయారంటే ఆయనకు ఫోను మోగినా వినపడదు, వినపడినా ఎత్తరు. అలా ఆ మెసేజ్ భాగ్యం నాకు దక్కింది.

శనివారం పొద్దున వంటింట్లో ఉండగా ఫోను టింగుమనేది. చదువుకుని, ఎవరికీ చెప్పకుండా పుట్నాల పొడి కొట్టి, ఉల్లిగడ్డలు తరిగి, బజ్జీలకు మిరపకాయలు చీరి పెట్టుకునేదాన్ని. బొరుగులు మాత్రం తడిపేదాన్ని కాదు, ముందే తడిపితే ఉగ్గాని ముద్దయిపోతుంది. కాలేజీ ఊరి నుంచి మాకు బస్సులో నాలుగైదు గంటలు. మా అమ్మాయి ఎమ్మిగనూరు చేరాక ఫోను చేసేది.

“మా, ఎమ్మిగనూరులో ఉండా. ఏం సేస్తాండావ్?”

“ఏం సేస్తా, ఊరికే కూసోనుండా,” అనేదాన్ని, పొయ్యి మీద బాణలి పెడుతూ.

వచ్చి ఏం చేసేదని అడిగితే చెప్పడానికేమీ లేదు. తినేది, పడుకునేది. ఆదివారం మధ్యాహ్నం దాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయేది. నేను పక్కన కూర్చుని చిక్కుళ్ళు వలుచుకుంటూ దాని మొహం చూస్తూ ఉండేదాన్ని. ఒక్కతే కూతురు. పదిహేడేళ్ళు ఒక్క రాత్రి కూడా వదిలి ఉండని పిల్ల. హాస్టల్లో దానికి నిద్ర పట్టదని నాకు ఎవరూ చెప్పనక్కరలేదు, కళ్ళ కింద నలుపు చూస్తే తెలిసేది.

సోమవారం పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి గానీ చేరేది కాదు. కాబట్టి ఆ రోజు ఇంకో మెసేజ్ వచ్చేది. అక్షరాలవే, కానీ ఆ రెండోది నాకు గిట్టేది కాదు. చదవకుండానే తుడిపేసేదాన్ని.

పరీక్షలు ఇంకొన్ని నెలలున్నాయనగా కాలేజీ నుంచి మెసేజ్ కాదు, ఏకంగా ఫోనే వచ్చింది. తల్లీ తండ్రీ ఇద్దరూ రమ్మన్నారు. పోయాం. పిల్లల హాజరు చూసే మేడమ్ గదిలో మా ముగ్గురినీ కూర్చోబెట్టింది. పాఠాలకు ఒక లెక్క, చేత్తో నేర్చుకునే పనులకు అంతకంటే గట్టి లెక్క అనీ, రెండింటిలో ఏది తగ్గినా పరీక్షకు కూర్చోనివ్వమనీ చెప్పింది. కూర్చోకపోతే తోటివాళ్ళు పై తరగతికి పోతారు, మా పిల్ల ఆర్నెల్లు వెనకబడుతుంది.

మా ఇంటాయన గొంతు సవరించుకున్నారు. యార్డులో బేరానికి దిగేటప్పుడు కూడా అలాగే సవరించుకుంటారు.

“మేడమ్, మా యాపారంలో పత్తి రోంత తేమగా ఉంటే బండిని యెనక్కి పంపము. తరుగు తీసుకోని కొంటాము. మా పాపకు గూడా అట్లే ఏదో ఒక తరుగు యేసుకోని...”

నాకు నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. మా అమ్మాయి తల పైకెత్తలేదు. మేడమ్ మాత్రం కోప్పడలేదు.

“రేపు ఈ అమ్మాయి ఒకరి నోట్లో సూది పెట్టాలండీ. రాని రోజు పాఠం రాకుండానే పోతుంది కదా. ఆ తరుగు ఎవరి నోట్లోంచి తీసుకుందాం?” అంది.

జీవితంలో ఆయన బేరం వదిలేసి లేవడం నేను చూసింది అప్పుడే. మేడమ్ మా అమ్మాయి వైపు తిరిగి, “నిన్ను ఇంటికి ఎవరు రమ్మంటున్నారు?” అని అడిగింది.

“ఎవరూ రమ్మనలేదు మేడమ్. నేనే పోతున్నాను.”

ఆ మాట నిజమే. నేనెప్పుడూ రమ్మని నోరు తెరిచి అనలేదు. శుక్రవారం సాయంత్రం ఫోనులో 'రేపు లేత వంకాయలు తెప్పిస్తాండా' అనేదాన్ని, అంతే. మేడమ్ నా మొహంలోకి కాసేపు చూసి, పరీక్షలయ్యేదాకా ఒక్క రోజు కూడా మానకపోతే హాజరు సరిపోతుందని చెప్పి పంపేసింది.

గేటు దగ్గర చెప్పాను, చెప్పాల్సింది నేనేనని తెలిసి.

“ఇంక నువ్వు రావద్దు పాపా. పరీక్షలయ్యేదాంకా మనకు ఇల్లు లేదనుకో.”

“ఆదివారం ఒక్క దినం వచ్చి పోతా మా. ఆదివారం హాజరు యాడుంటాది?”

“ఆదివారం వస్తే సోమవారం పొద్దున లేసి పోతావా నువ్వు? నాకు తెలీదా నీ సంగతి? వస్తే తలుపు తీయను.”

నేను ఒకసారి అంటే అన్నట్టే. దానికది చిన్నప్పటి నుంచీ తెలుసు. ఏడవలేదు. “సరే మా” అని లోపలికి పోయింది. తిరుగు బస్సులో గోనెగండ్ల దగ్గర కూలి పని ముగించుకున్న ఆడవాళ్ళు గంపలతో ఎక్కారు. ఎవరో తల్లీ కూతుళ్ళు నా ముందు సీట్లో కూర్చుని ఒక సొరకాయ గురించి పోట్లాడుకుంటూ వచ్చారు. వాళ్ళను చూస్తూ ఎమ్మిగనూరు వచ్చేదాకా ఏడ్చాను. ఆయన కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు.

ఆ తర్వాత మెసేజ్‌లు ఆగిపోయాయి. అంటే నా బిడ్డ రోజూ క్లాసులో ఉంది, బుద్ధిగా చదువుకుంటోంది. సంతోషించాల్సిన సంగతే. కానీ శనివారం పొద్దున ఫోను చేతి దూరంలో పెట్టుకుని వంట చేసే అలవాటు నాకు పోలేదు. గ్యాసు బుకింగ్ మెసేజ్ వచ్చినా, బ్యాంకు మెసేజ్ వచ్చినా తడి చేత్తోనే ఎత్తి చూసేదాన్ని. ఉగ్గాని చేయడం మానేశాను. మా ఇంటాయన ఒకట్రెండు సార్లు అడిగి, నా మొహం చూసి ఊరుకున్నారు.

పరీక్ష రాసింది, పాసయింది. తర్వాతి ఏళ్ళలో పెద్ద సెలవులకు వచ్చేది. కానీ నేను నేర్పిన పాఠం బాగా ఒంటబట్టినట్టుంది. వచ్చినా సంచి పూర్తిగా విప్పేది కాదు. మధ్యలో ఎప్పుడన్నా ఫోనులో 'ఒక పూట వచ్చిపోరాదా' అంటే, “హాజరు పోతాది మా” అనేది. నా మాట నాకే అప్పజెప్పినట్టు ఉండేది.

చివరి ఏడాదిలో నాకు పంటి నొప్పి వచ్చింది. పై వరసలో, కోరపన్ను పక్కది. ఒక రాత్రంతా లవంగం అదుముకుని కూర్చున్నాను. ఆదోనిలోనే ఉన్న డాక్టరు చూసి, లోపల కుళ్ళింది, రూట్ కెనాల్ చేసేస్తాను, రెండుసార్లు వస్తే చాలు అన్నాడు. నేను ఆలోచించి చెప్తానని చెప్పి వచ్చేశాను.

నిజానికి ఆలోచన అప్పటికే అయిపోయింది. అంతకు ముందు వారమే మా అమ్మాయి ఫోనులో వాపోయింది, పేషెంట్లు దొరకడం లేదని. రోజూ హాజరు పడితే సరిపోదట, కుర్చీలో ఒక మనిషి ఉండాలట, ఆ మనిషికి చేసిన పని మేడమ్ చూసి సంతకం పెట్టాలట. నాకు నొప్పిలోనే నవ్వొచ్చింది. నేను దాని ఎదురుగా ఎంతసేపు కూర్చుంటే దానికి అంత మంచిది. దాని హాజరు పోదు, నా బిడ్డ నాకు దొరుకుతుంది. ఇంతకాలం ఈ దారి తోచనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

“ఈడ రెండు గంటల్లో అయిపోయేదానికి అంత దూరం పోతావామే?” అన్నారు మా ఇంటాయన.

“నా పన్ను, నా ఇష్టం,” అన్నాను.

కాలేజీ ఆసుపత్రిలో మా అమ్మాయి తెల్ల కోటు వేసుకుని, మూతికి మాస్కు కట్టుకుని, పేషెంటు పేరు పిలవడానికి బయటికొచ్చి నన్ను చూసి అక్కడే నిలబడిపోయింది. “ఈడికెందుకొచ్చినావ్ మా? ఇంట్లో ఏమన్నా అయిందా?” అంది. నేను దవడ చూపించాను. మాస్కు మీద దాని కళ్ళు చిన్నవయ్యాయి. నవ్వుతోందని అర్థమైంది.

కుర్చీలో వెనక్కి వాలాక గానీ నా లెక్కలో తప్పు తెలియలేదు. కడుపునిండా మాట్లాడుకోవచ్చని కదా నేను వచ్చింది! నోరు బార్లా తెరిపించి, పెదవి కింద దూది కుక్కి, మూలన ఉమ్మి పీల్చే గొట్టం తగిలించింది. ఇక మాటెక్కడిది? దూదిని నాలుకతో తడిమి చూశాను. మా ఇంటాయనైతే అది ఏ రకమో చెప్పి ఉండేవారు.

అయితే నేను మాట్లాడలేకపోయేసరికి అది మాట్లాడడం మొదలుపెట్టింది. ఫోనులో ఎప్పుడూ మాటలు నావి, ఊ కొట్టడం దానిది. ఇక్కడ తిరగబడింది. హాస్టల్లో చారు ఎలా ఉంటుందో, మొదటిసారి ఒకరికి ఇంజెక్షను ఇచ్చేటప్పుడు తనే కళ్ళు మూసుకున్న సంగతీ, జొన్న రొట్టె తినలేకపోతున్నానని వచ్చిన ముసలాయనకు పళ్ళ సెట్టు పెట్టి పంపితే తర్వాతిసారి రొట్టె మూట కట్టి తెచ్చిచ్చిన సంగతీ, అన్నీ చెప్పింది. దాని వేళ్ళు నా పెదవి మీద, దాని మోచెయ్యి నా భుజానికి తగులుతూ. ఒక గంట తర్వాత మేడమ్ వచ్చి నోట్లోకి చూసింది. హాజరు చూసిన మేడమే. నన్ను గుర్తుపట్టినట్టే ఉంది.

వారానికి ఒకసారి పోయేదాన్ని. ఏ రోజు మందు పెట్టి మూసేస్తారో, ఏ రోజు మళ్ళీ తెరుస్తారో నాకు అక్కరలేదు. మళ్ళీ రావాలి అంటే చాలు. నొప్పి మొదటి వారంలోనే పోయింది, ఆ సంగతి నేను ఎవరికీ గట్టిగా చెప్పలేదు.

ఒక రోజు సన్నటి సూదులతో పంటి లోపల శుభ్రం చేస్తూ, పని మీంచి కళ్ళు తీయకుండా చెప్పింది.

“నీకు సెప్పలేదు గానీ మా, మొదటేడు ఒక ఆదివారం నేను వచ్చినా.”

నేను కళ్ళు పెద్దవి చేశాను.

“ఇంటిదాంకా కాదు. ఎమ్మిగనూరు దాంకా. బస్టాండులో దిగి నీకు ఫోను సేద్దామనుకున్యా. నువ్వు తలుపు తీయనన్యావు కదా. ఆడ్నే టీ తాగి, తిరుగు బస్సు ఎక్కినా.”

ఆదివారం కాబట్టి మెసేజ్ రాలేదు. నా బిడ్డ నాకు గంట దూరంలో నిలబడి వెనక్కి పోతే, నేను ఆ రోజు ఏం చేస్తున్నానో కూడా నాకు గుర్తులేదు. నోట్లో దూది, గొట్టం, దాని చేతులు. కన్నీళ్ళు రెండు పక్కలా కారి చెవుల్లోకి పోయాయి. నొప్పేస్తే ఎడమ చెయ్యి ఎత్తమని మొదటి రోజే చెప్పి ఉంది. ఎత్తాను. వెంటనే ఆపి, అన్నీ బయటికి తీసింది.

“తీసేదాన్ని పాపా,” అన్నాను. “తలుపు తీసేదాన్ని.”

“తెలుసు మా. తీస్తావని తెలిసే వెనక్కి పోయినా. ఇంట్లోకొస్తే మళ్ళీ పోయేదాన్ని కాదు.”

పక్క కుర్చీల దగ్గర పిల్లలు ఎవరి పనిలో వాళ్ళున్నారు. అది చేతి తొడుగు వెనక వైపుతో నా చెవుల దగ్గర తడి తుడిచింది. తర్వాత కొత్త దూది తీసుకుని “నోరు తెరువు” అంది. తెరిచాను.

పంటికి క్యాప్ పెట్టిన రోజు చివరి రోజు. మేడమ్ వచ్చి అద్దం పెట్టి చూసి, కొరికి చూపించమని చెప్పి, బాగా కుదిరిందని సంతకం పెట్టింది. నా బిడ్డ పనిని ఒకరు మెచ్చుకుంటే నేను గాలిలో తేలిపోవాలి. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

“అయిపోయింది మా,” అంది మా అమ్మాయి. “బాగుండాది. ఇంక రావల్సిన పని లేదు.”

“తక్కినవి గూడా సూడరాదా?” అన్నాను. “ఈ పక్క అప్పుడప్పుడు జివ్వుమంటాది.”

జివ్వుమనడం లేదు. దానికి తెలియదని కాదు. అయినా చిన్న అద్దం తీసుకుని, లైటు సరిచేసి, పై వరస ఒక చివర నుంచి మొదలుపెట్టింది. ఒక్కొక్క పన్నునూ తట్టి, తిప్పి, వెనక వైపు కూడా చూసింది. కింది వరసా అయింది.

“అన్నీ బాగుండాయి మా. రాళ్ళ లెక్క గట్టిగా ఉండాయి,” అంది.

వినగానే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఒక్కటంటే ఒక్కటి పుచ్చిపోయి ఉండకూడదా అనిపించింది. లేవాలని తెలుసు, బయట వేరే పేషెంట్లున్నారని తెలుసు. నేను నోరు మూయలేదు. అది కూడా అద్దం బయటికి తీయలేదు. కాసేపు అలాగే వంగి నా మొహంలోకి చూసింది.

“ఉండు మా, ఇంకొకసారి సూస్తా,” అని మళ్ళీ మొదటి పన్ను నుంచి మొదలుపెట్టింది.