ఎనిమిది చెక్కలు

ఆకివీడు బజారులో పిల్లలు పుల్లలతో కొట్టి వాయించే చెక్కల బొమ్మ, జైలోఫోన్ చూశాను. మన ఈడువాళ్లకి ఇలాంటివి కొనిపెట్టేదెవరండీ, మనమే చేసుకున్నాం.

మా నాన్న వడ్రంగి. చర్చివాళ్లకి శవపెట్టెలు కూడా చేసేవారు. ఆ పెట్టెల కోసం ఆయన దాచి ఉంచిన మామిడి పలకని నేనూ చెల్లీ అడక్కుండా ఎనిమిది ముక్కలు కోశాం, పొట్టి నుంచి పొడుగు దాకా. సైకిల్ ట్యూబు మీద పరిచి గరిటెలతో వాయించాం.

"దాని జోలికెందుకెళ్లారమ్మా" అన్నారంతే నాన్న.

ఆ నెలలోనే జ్వరంతో చెల్లి పోయింది. పెట్టె మూతకి పలక లేదు.

"ఆ ముక్కలు ఇలా తెచ్చివ్వమ్మా" అన్నారు నాన్న.

మూతకి అడ్డంగా పేరిస్తే కాళ్ల వైపు పొట్టివి, భుజాల వైపు పొడుగువి సరిగ్గా సరిపోయాయి.

సమాధిలోకి అందరూ తలో పిడికెడు మట్టి వేశారు. ఒక్కో చెక్క ఒక్కోలా మోగింది. నా పిడికిట్లో మట్టి ఇంటిదాకా నాతోనే వచ్చింది.