అప్ప పడుకోబెట్టిన వాలు

ఎంప్టీ అన్నా, వేకెంట్ అన్నా మనకి ఖాళీయే. నేనూ అలాగే అనుకున్నాను. బడి గడప తొక్కినవాణ్ణి కాదు. మేకలు కాసుకుంటూ, చర్చి వాళ్లు పారేసిన అట్టలేని డిక్షనరీలో కూడబలుక్కుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. ఆ గర్వమే మా అప్ప కొంప ముంచింది.

అప్పంటే మా పెద్దక్క. పెదబయలు దాటి లోపలికొస్తే మా ఊరు. ఊరిపైన రెండు కొండవాలుల్లో ఆమె పోడు. ఒకదాంట్లో మూడేళ్లు చోళ్లు, సామలు పండిస్తే, దాన్ని వదిలి రెండోదానికి పోతుంది. వదిలినదాన్ని పడుకోబెట్టామంటాం. తుప్పలు మనిషెత్తు పెరిగి, ఆకు రాలి, మట్టి నల్లబడేదాకా అందులో పార పెట్టకూడదు.

పట్టాల కోసం కొలవడానికి ఆఫీసాయన వస్తున్నాడని కబురొచ్చింది. తెలివైనవాళ్లు ముందురోజే పడుకున్న వాలుల్లో నాలుగు తుప్పలు నరికి, గుప్పెడు కందులు జల్లేశారు. అప్పనీ జల్లమన్నాను. నిద్దరోతున్నదాన్ని లేపి అబద్ధమాడించమంటావేటి అని నన్నే కసిరింది.

ఆయన వచ్చాడు. ఇక్కడేం వేశావమ్మా అని అడిగితే, ఏటీ ఎయ్యలేదు బాబూ అని చెప్పింది. కొండకి విశ్రాంతి ఇచ్చినదాన్నన్న గొప్ప ఆ మాటలో నాకు వినబడింది. ఆయనకెలా వినబడుతుంది? నావైపు చూశాడు. నేనూరుకోవచ్చు కదా.

"ఎంప్టీ సార్" అన్నాను.

ఆయన ట్యాబులో వేకెంట్ అని కొట్టాడు. నేను చదివాను. చదివి తలూపాను కూడా.

పంట ఉన్న వాలుకి పట్టా వచ్చింది. పడుకున్నది వేకెంటు కాబట్టి మొక్కల పెంపకానికి తీసుకున్నారు. కందులు జల్లినవాళ్లకి మాత్రం రెండూ దక్కాయి.

అప్పుడు కూర్చుని ఆలోచించాను. అంబలి తాగేశాక కుండ ఎంప్టీ. అయినా అది అప్ప కుండే, రేపూ ఆమే పొయ్యిమీద పెడుతుంది. బస్సులో ఒకడు దిగిపోతే ఆ సీటు వేకెంట్. ఎక్కినవాడెవడైనా కూర్చోవచ్చు. ఆ మాటలో వెళ్లిపోయినవాడు ఒకడుంటాడు. మా అప్ప ఎక్కడికి వెళ్లిపోయింది? అసలు ఎంప్టీ అనడమే తప్పు. ఆ వాలునిండా అడ్డాకులు, దుంపలు, తేనెపట్లు. ఏమీ లేదని నేనెలా అనగలిగాను?

ఇదంతా ఇంగ్లీషులో అర్జీ రాసుకుని ఆ ఆఫీసాయన దగ్గరికే పట్టుకెళ్లాను. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి, టీ తెప్పించి, మొత్తం చదివాడు. ఇంగ్లీషు బాగుంది తాతా అన్నాడు. ఒకసారి ఎక్కింది మార్చడం మా చేతుల్లో లేదన్నాడు. చేతిలో ఉన్న వేలే కదా దాన్ని కొట్టింది.

పడుకున్న పై వాలులో గుంతలు తవ్వి నీలగిరి మొక్కలు పెట్టారు. అప్ప ఈ ఏడు అక్కడికి వెళ్లాలి. కింది వాలుకి మూడు పంటలు అయిపోయాయి. తొలకరి పడ్డాక చూస్తే, ఆమె పార పట్టుకుని కింది వాలులోకే దిగుతోంది.

"దీన్ని పడుకోబెట్టాలి కదా అప్పా" అన్నాను.

"పడుకోబెడితే నువ్వు మళ్లీ ఏటంటావో."

నాలుగోసారి చోళ్లు చల్లింది. వెన్నులు బొటనవేలంత కూడా రాలేదు. వాటినే ఒక్కొక్కటీ కోస్తోంది. నేను వెనకాల బుట్ట పట్టుకుని నడుస్తున్నాను.