కబురు చెప్పే మనిషి

"మా ఇంట్ల అందరు మంచిగున్నరా, ఆపా?"

"మంచిగున్నరు. సుశీల కాల్ల నొప్పంటున్నది, దానికేంగాదు. ఫికర్ చెయ్యకు. పో, పని చూస్కో, మీ మేడం ఒర్లుతది."

షరీఫా ఆపా నాతో మాట్లాడిన ఆఖరు మాటలు ఇవే. నేను మస్కట్‌లో ఒకరి వంటింట్లో నిలబడి అడిగాను. ఆమె జహీరాబాద్‌లో, మా గల్లీలో కూర్చుని జవాబు చెప్పింది. ఫోను పెట్టేసి నేను ఇస్త్రీ పనిలో పడ్డాను. అంతే, మనసుకు ఏమీ తోచలేదు.

ఇవాళ మధ్యాహ్నం ఆ మాటలు మళ్ళీ చెవిలో పడ్డాయి. మా చెల్లెలు సుశీల వాకిట్లో కూర్చుని పచ్చి అల్లం చెక్కు తీస్తోంది. దాని కూతురు అనిత వచ్చే గురువారం కువైట్ పోతోంది, అక్కడి దవాఖానలో నర్సు పనికి. పెట్టెలో పెట్టడానికి అల్లం పచ్చడి. తడి మట్టితో కలిసిన ఆ ఘాటు ముక్కుకు తగలగానే ఆపా వచ్చి పక్కన కూర్చున్నట్టయింది. ఆమె చేతులు, కొంగు, ఆమె ఇచ్చే చాయ గ్లాసు, అన్నీ అదే వాసన వచ్చేవి. చేన్ల నుంచి వచ్చిన అల్లం మట్టి కడిగి, కొమ్ములు విరిచి, గోనెసంచులకెత్తే కూలిపని ఆమెది. మతం వేరైనా మా గల్లీ ఆడవాళ్ళందరం ఆమెను ఆపా అనే పిలిచేవాళ్ళం. అక్క అన్నట్టే.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే అనిత రాస్తోంది. నాలుగు రోజుల కింద ఈ పిల్ల నన్నొక మాట అడిగింది. "పెద్దమ్మా, నేను పోయినంక ఇంట్ల ఎవలికేమన్న అయితే నాకు నిజం చెప్పేది నువ్వే గావాలె. మా అమ్మను నమ్మ." అవునని గానీ కాదని గానీ నేనింకా అనలేదు. అనడానికి నాకెందుకింత కష్టంగా ఉందో తెలియాలంటే, ముందు ఆపా ఎలాంటిదో తెలియాలి.

నా పెనిమిటి లారీ డ్రైవరు. బొంబాయి రోడ్డు మీదే పోయాడు. పిల్లలు లేరు. అమ్మనూ నన్నూ చెల్లెలు తన దగ్గరే పెట్టుకుంది. చెరకు కోతకు పోయి పోయి నడుం విరిగి, ఒకరోజు మస్కట్‌లో ఇంటి పని ఉందని ఎవరో ఏజెంటు చెబితే సరేనన్నాను. ఆపా అక్కడ పన్నెండేళ్ళు చేసి వచ్చిన మనిషి. అందుకని ఆమె దగ్గరికి పోయి, ఏం బట్టలు పెట్టుకోవాలని అడిగాను.

ఆమె అల్లం కొమ్ము విరుస్తూ నవ్వింది. "బట్టలా? బట్టలు ఆడ గూడ దొరుకుతయి. నువ్వు లేకపోతె నీ ఇంట్ల ఏమేం ఆగిపోతయో చెప్పు, మొగులమ్మా. ముందు గది పెట్టుకో పెట్టెల."

నేను ఏమీ ఆగిపోవన్నాను.

"అయితె నువ్వున్నా లేకున్నా ఒకటే అన్నట్టు. మరి ఆడిదాంక పోవుడెందుకు, ఈడ్నే ఉండు!"

ఆ రోజు నుంచి రోజూ మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చుని నేనూ అల్లం విరిచాను. ఆమె అడుగుతుంటే ఒక్కొక్కటే బయటపడింది. రేషన్ దుకాణంలో వేలిముద్ర వేసేది నేను. నా తరవాత ఎవరి వేలు పడాలో అది ముందే చేయించాలి. అమ్మ బీపీ గోళీలు నా చేతి నుంచి తప్ప మింగదు. దానికి ఆపా ఒక ఉపాయం చెప్పింది. పోవడానికి పదిరోజుల ముందు నుంచే నేను గోళీలు ముట్టకూడదు, సుశీలే ఇవ్వాలి. అమ్మ రెండు రోజులు అలిగింది. నోట్లో వేసుకున్నట్టే వేసుకుని మంచం కింద ఉమ్మేసింది. మూడోనాడు ఆపా వచ్చి మంచం కిందికి వంగి చూసి, "ముసల్దానా, గోళీలు తింటలేవు, నాటుతున్నవా? మొలకలొస్తయనుకున్నవా?" అంటే అమ్మకు నవ్వాగలేదు. ఆ నవ్వులోనే మింగింది.

కాగితం సంగతి కూడా ఆమే చూసింది. నౌకరీ కాగితాన్ని ఒకరితో చదివించుకుంటే చాలదు, ఒకరినొకరు ఎరగని ఇద్దరితో వేరువేరు రోజుల్లో చదివించుకోవాలనేది ఆమె. మొదట ఒక బడి పంతులు చదివి, ఇంటి పని, అంతా సరిగ్గా ఉందన్నాడు. జిరాక్స్ దుకాణంలో పిల్ల చదివితే, ఆ ఇంటితో పాటు యజమాని తల్లి ఇంటి పని కూడా చేయాలని తేలింది. ఆపా నన్ను వెంటబెట్టుకుని ఏజెంటు దగ్గరికి పోయి కాగితం అతని ముందర పరిచింది. "ఒక్క మనిషికి రెండిండ్ల పని రాసినవేంది, భాయ్? పొద్దుగాల ఒకింట్ల, మాపటికి ఒకింట్ల చెయ్యనీకి ఈమెకు నాలుగు చేతులున్నయా? నాలుగుంటే చెప్పు, నాలుగు చేతుల జీతం రాయి." అతను నసుగుతూ కాగితం మార్చి తెచ్చాడు. పాస్‌పోర్టు నకలు ఒకటి ఇంటి డబ్బాలో, ఒకటి నా లంగా మడతలో పెట్టి ఆమే కుట్టింది. అక్కడి మన ఎంబసీ నంబరు నాకు చదవరాదు కదా, ఒక్కో కొమ్ము విరిచినప్పుడల్లా ఒక్కో అంకె చెప్పించింది. ఇప్పటికీ అల్లం పట్టుకుంటే ఆ నంబరు నోట్లోకి వస్తుంది.

పోయే ముందు రోజు ఆపా మా ఇంటికి వచ్చింది. మా గల్లీ నుంచి ఎవరు పరాయి దేశం పోయినా ఆమె ఇలా వచ్చి ఒక చాప పరిపించేది. ఇంట్లోవాళ్ళందరినీ కూర్చోబెట్టేది. పోయే మనిషిని మధ్యలో కూర్చోబెట్టేది. చాయ తాగనిచ్చి, ఇక అందరూ నవ్వుతూ ఉన్నప్పుడు అడిగేది.

"చావు కబురు ఎవలు చెప్తరు?"

మొదటిసారి విన్నవాళ్ళెవరికైనా ఒళ్ళు మండుతుంది. ప్రయాణం పెట్టుకుని అపశకునం ఏమిటని ఒకింట్లో ఆమెను వాకిట్లోకి వెళ్ళగొట్టారట కూడా. వాకిట్లో నిలబడే మళ్ళీ అడిగిందట. ఒక మనిషి పేరు చెప్పాలి. ఆ మనిషి దాచనని అందరి ముందూ ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే సరిపోదు, ఆ మాట అక్కడే ఒకసారి బయటికి అనాలి. అననివాళ్ళు ఆ రోజు వస్తే మాత్రం ఎలా అంటారన్నది ఆమె లెక్క.

మా ఇంట్లో సుశీల పేరు చెప్పాం. అమ్మ ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుంది.

"అను," అంది ఆపా. "అక్కా, అమ్మ పోయిందే, అను."

సుశీల నోరు తెరిచి, అమ్మ వైపు చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది.

"అనవే," అంది అమ్మ. "నేను ఈడ్నే ఉన్న గద, నాకేంగాలే. గట్టిగ అను, దానికి మస్కట్ల ఇనవడాలె."

అందరం నవ్వాం. సుశీల మాత్రం లేచి లోపలికి పోయి ఏడ్చింది. "నాతోని గాదు, ఆపా. నా వశం గాదు" అని లోపల్నుంచే అరిచింది. ఆపా కాసేపు తల వంచుకుని చాప పుల్లలు గిల్లింది. తరవాత, "సరే తియ్. నేనే చెప్త" అంది. అమ్మ ముఖంలోకి చూసి, "ఓ మొగులమ్మా, మీ అమ్మ పోయింది" అని ఒక్క తీరుగా అనేసింది. అమ్మ, "ఇగ ఇది పనికొస్తది" అని ఆమె భుజం తట్టింది.

ఆ సాయంత్రం ఆమెను ఇంటిదాకా దిగబెట్టడానికి పోతే చెప్పింది, ఈ చాప ఎందుకు పరుస్తుందో. ఆమె మస్కట్‌లో ఉండగా వాళ్ళమ్మ పోయింది. చెబితే పని వదిలేసి వస్తుందని ఇంట్లోవాళ్ళు దాచారు. ఫోను చేసినప్పుడల్లా అమ్మ నిద్రపోతోందని ఒకసారి, హుమ్నాబాద్‌లో చుట్టాలింటికి పోయిందని ఒకసారి. అలా ఎనిమిది నెలలు. చలికి వాళ్ళమ్మ ఓర్వదని ఎర్రని మెత్తని కంబళి ఒకటి కొని, సెలవు మీద వస్తూ దారిపొడుగునా ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. గడపలో అడుగుపెట్టి, "అమ్మీ ఏదీ?" అని అడిగితే అప్పుడు చెప్పారట.

"ఏడుపు గూడ సరిగ రాలే, మొగులమ్మా," అంది. "ఆల్లందరు ఏడ్సి ఏడ్సి ఎనిమిది నెల్లాయె. నేనొక్కదాన్నే కొత్తగ ఏడ్వాలె. గల్లీల పిల్లలు నన్ను జూసి, గీమెకేమైంది ఇప్పుడు, అనుకున్నరు."

రెండో ఏడు ఎండాకాలంలో నాకు ఫోను వచ్చింది. పొద్దున, గిన్నెలు తోముతున్నాను.

"కూసున్నవా?"

"లేదాపా, పనిల ఉన్న."

"చేతులు కడుక్కో. కూసో." నేను కింద కూర్చున్నాను. "కూసున్నవా? మొగులమ్మా, మీ అమ్మ పోయింది. గంటయింది. గోస పడలె. చాయ అడిగింది, చాయ తెచ్చేలోపట పోయింది. సుశీల పక్కనే ఉండె."

ఆమె ఫోను పెట్టలేదు. నేను ఏడుస్తున్నంతసేపు అవతల ఆమె ఊపిరి వినబడుతూనే ఉంది. నాకు సెలవు ఇవ్వలేదు, రాలేకపోయాను. కానీ మావాళ్ళు అమ్మను ఎత్తే వేళకు ఆపా నాకు ఫోను చేసింది, స్నానాలు చేసే వేళకు చేసింది. నేనూ అక్కడ తలమీద నీళ్ళు పోసుకున్నాను. ఆ రోజంతా ఏమీ తినలేదు. మా వాళ్ళు ఏడ్చిన రోజే నేనూ ఏడ్చాను. అది ఎంత పెద్ద సంగతో అది దక్కనివాళ్ళకే తెలుస్తుంది.

ఆ తరవాత ఇంకా రెండేళ్ళు ఉన్నాను. మొదట చెప్పిన ఆ ఫోను మాటలు ఆ రెండేళ్ళ చివరివి. మరుసటి వారం చేస్తే ఆపా ఎత్తలేదు. ఆ పైవారం నంబరే పలకలేదు. సుశీలను అడిగాను. "బీదర్ల బిడ్డ దగ్గరికి పోయింది, అక్కా" అంది. మళ్ళీ అడిగితే, "ఇంకా రాలే" అంది. నాకు అనుమానం రాలేదు. రావాలి కదా? ఆమె నోటితోనే ఆ చుట్టాలింటి కథ విన్నదాన్ని, నాకు కాకపోతే ఇంకెవరికి రావాలి? రాలేదు. ఆమె బిడ్డ దగ్గర సుఖంగా ఉందనుకుని సంతోషపడ్డాను.

నాలుగు నెలలకు నేను ఊరికి వచ్చాను. బ్యాగు కింద పెట్టకుండానే ఆమె ఇంటికి పోతే వేరేవాళ్ళు కాపురం ఉన్నారు. కామెర్లు ముదిరి, నాతో మాట్లాడిన తొమ్మిదో రోజున పోయిందట. మాట్లాడిన రోజుకే ఆమెకు లేచి కూర్చునే శక్తి లేదట, గోడకు దిండు ఆనించుకుని ఫోను పట్టుకుందట. నేను సుశీల మీద పడ్డాను. తిట్టాను, చేయి కూడా ఎత్తాను.

అది ఏడవలేదు. నా ముఖంలోకి చూసి అంది. "నీకు కబురు చెప్పే మనిషి ఆమెనే గద, అక్కా. ఆమె కబురు ఎవలు చెప్పాల్నో మీరెవలన్న అనుకున్నరా? నన్నెవలన్న అడిగిన్రా?"

ఎవరమూ అనుకోలేదు. ఎన్ని ఇళ్ళలో చాపలు పరిచిందో, ఒక్క ఇంట్లో కూడా ఆ మాట రాలేదు. ఆమెకూ తట్టలేదు. ఇంకొకటి ఉంది, దాన్ని నేను ఎవరి మీదా వేయలేను. ఆ రోజు ఫోనులో మా ఇంటివాళ్ళ గురించి అడిగాను. నువ్వెట్లున్నవ్ ఆపా అని అడగలేదు. ఆ నాలుగేళ్ళలో ఎన్నిసార్లు అడిగానో గుర్తు చేసుకోబోతే ఒక్కటీ గుర్తుకు రావడం లేదు.

ఇప్పుడు గల్లీలో ఎవరు దేశం పోతున్నా నేను పోయి కూర్చుంటాను. ఆమె అంత గట్టిదాన్ని కాను, తిడితే లేచి వచ్చేస్తాను. కానీ అడుగుతాను. ఒక పేరు కాదు, రెండు పేర్లు చెప్పండి అంటాను. చెప్పే మనిషికి ఏమన్నా అయితే చెప్పే మనిషి ఎవరు అంటాను. ఎదుటివాళ్ళకు అర్థం కావడానికి కొంచెం సేపు పడుతుంది. అర్థమైనాక ఎవరూ నా ముఖం చూడరు.

అనితా, నువ్వు అడిగినదానికి నా జవాబు ఇది. చెబుతాను. నా ఊపిరి ఉన్నన్నాళ్ళు ఈ ఇంట్లో ఏది జరిగినా ఆ రోజే నీకు చెబుతాను. కానీ ఇంకొకరి పేరు కూడా నువ్వు చూసుకోవాలి. గురువారం లోపల చూసుకోవాలి. అది మీ అమ్మ కాదు, దాని వశం కాదు. పోయిన నెల నేను సంగారెడ్డి పోయింది చుట్టాలింటికి కాదు, పెద్ద దవాఖానకు. కడుపులో గడ్డ ఉందన్నారు. ముక్క తీసి పరీక్షకు పంపారు, మంచిది కాదని వచ్చింది. నువ్వు విమానం ఎక్కేదాకా నీకు చెప్పొద్దని మీ అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు నేను తప్పుతున్నాను. నిన్ను ఆగమని చెప్పడం లేదు. పో. పోవడమా ఉండడమా అనేది తెలిసి నువ్వు అనుకోవాలి గానీ, తెలియకుండా పోకూడదు.

చెయ్యి ఆపకు, రాయి. కండ్లు తరవాత తుడుచుకుందువు. అయిందా? ఇగ మొదటి నుంచి చదువు, బిడ్డా. మెల్లగ చదువు, నాకు ఇనవడేటట్టు.