ఆవకాయ జాడీలో జామపండ్ల జాం

ఉక్కు కంపెనీ ఇచ్చిన మా బారిడీహ్ క్వార్టరు వెనక జామచెట్టు ఆ చలికాలం దేశం మొత్తానికీ తనే కాయాలని పంతం పట్టినట్టు కాసింది. తిని తిని చిలకలకే మొహం మొత్తింది. జెల్లీ చేస్తానని ప్రకటించాను. కరిగిన ఇనుముతో పనిచేసేవాడికి జామపండ్లొక లెక్కా? నిజానికి నా ఉద్యోగం స్టోర్సులో. కొలిమి వేడి నాకెప్పుడూ తగల్లేదు.

జెల్లీ రాలేదు. జాం వచ్చింది, అదీ వరదలా. గిన్నెలు, గ్లాసులు, దగ్గుమందు సీసాలు కూడా నిండిపోయాక, ఆవకాయ అయిపోయి ఖాళీగా ఉన్న జాడీ కనబడింది. పెళ్ళికి మా అత్తగారిచ్చిన జాడీ అది. అందులో ఓ మనిషి కూర్చుని పేపరు చదువుకోవచ్చు. ఆవకాయ జాడీలో మరొకటి పెట్టకూడదని మా శ్రీకాకుళం వైపు ఉయ్యాల్లో పిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. అయినా పోశాను.

ఎండలు ముదిరేసరికి కబురొచ్చింది, ఆవకాయ పెట్టడానికి అత్తగారు వస్తున్నారని.

"అమ్మ సూసిందంటే ఈ జాడీ మా చెల్లికిచ్చేత్తాది. అదెప్పట్నుంచో దీని మీదే కన్నేసుంది," అంది మా ఆవిడ. "ఏటి సేత్తారో నాకు తెల్దు. అమ్మొచ్చేసరికి కాళీ అయిపోవాల."

ఆ రోజు నుంచి మా ఇంట్లో జాం పడని వంట లేదు. పులుసులో బెల్లానికి బదులు జాం. పులిహోరలో జాం. దోసె మీద రాస్తే దోసె పెనాన్ని వదలనంది, అట్లకాడ వంగిపోయింది. బూరెల్లో పూర్ణంగా పెడితే నూనెలో పేలాయి. గోడ మీద ఆ మరకలు మేం క్వార్టరు ఖాళీ చేసేదాకా మాతోనే ఉన్నాయి. "ఫిర్ సే జాం?" మళ్ళీ జామేనా అని పిల్లలు హిందీలో ఏడ్చారు.

ఇక లాభం లేదని గిన్నెలకెత్తి వరసలో అన్ని ఇళ్ళకూ పంచాను. ఇచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదన్నది మా వీధి మర్యాద. అందరి పెరళ్ళలోనూ జామచెట్లే. చలికాలమంతా గోడ మీంచి వాళ్ళకి జాం చెయ్యడం మీద ఉపన్యాసాలిచ్చింది నేనే. మొదట పక్కింటావిడ గిన్నె నిండా తెచ్చింది.

"మేం చేసిన జాం, భాయ్‌సాబ్. ఆప్‌కే తరీకే సే, మీ పద్ధతిలోనే," అంది గర్వంగా.

తక్కిన గిన్నెలూ అలాగే తిరిగొచ్చాయి. జాడీ అంచుదాకా నిండింది.

అత్తగారు ఆవపిండి మూటతో దిగి, నేరుగా వెళ్ళి మూత తీశారు. ఆవిడ అల్లుడితో ఎదురుపడి మాట్లాడరు. నాకు చెప్పాల్సిందంతా తలుపుకి చెబుతారు. వేలితో తీసి నాలిక్కి రాసుకుని తలుపువైపు తిరిగారు.

"ఇదేటి? తియ్యగున్నాది, ఆవకాయ వాసనేత్తన్నాది."

మా ఆవిడ నావైపు చూసింది. నేను తలుపువైపు చూశాను. అత్తగారు కొంగు దోపుకుని, మామిడిముక్కలు, ఉప్పు, కారం, ఆవపిండి, నూనె పెద్ద పళ్ళెంలో పోసి, జాడీలో జామంతా అందులోకే వంపేసి, కలిపి మళ్ళీ జాడీకెత్తారు.

"బెల్లం ఆవకాయనుకుందుం," అన్నారు.

మూడోనాడు తిరగకలిపి ముద్ద పెట్టారు. నేను మళ్ళీ మళ్ళీ అడిగి తిన్నాను. అప్పుడు మా ఆవిడ గొంతు తగ్గించి అడిగింది.

"జాడీ చెల్లికిచ్చేత్తావేటమ్మా?"

"ఈ జాంకంపు జాడీ అదేటి సేసుకుంటాదే? ఈ జాడీ, మీ ఆయనా నీ కాడే ఉండాల," అని అత్తగారు తలుపుకి కూడా వినబడేలా అన్నారు.

ఆ సాయంత్రం మా ఆవిడ జాడీకి వాసెన కట్టి, నా చెయ్యి అందని అటక మీదికి ఎక్కించింది.